ఆన్‌లైన్ వేలం: సొమ్ము కట్టని పాటదారు

హెచ్చు పాట పాడి వేలం దక్కించుకున్న మనిషి గడువులోగా సొమ్ము కట్టకపోవడం వేలం పుట్టినప్పటి నుంచీ ఉన్న చిక్కే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇది ఎవరికీ కొత్త కాదు. వారపు సంతల ఆశీలు, పంచాయతీ చెరువుల్లో చేపలు, దేవాదాయ భూముల కౌలు, ప్రభుత్వ స్థలాల్లోని చింత, మామిడి చెట్ల ఫలసాయం, ఇలాంటి వాటికి ఇక్కడ పాటే ధర కడుతుంది. ఊళ్లో జరిగే పాటకు ఊరంతా సాక్షి. పాటదారు ఎవరి కొడుకో, ఏ వీధివాడో, నిరుడు బకాయి పెట్టాడో లేదో అక్కడున్న వాళ్లకు తెలుసు. ఇప్పుడు బ్యాంకులు స్వాధీనం చేసుకున్న ఇళ్లు, ఫ్యాక్టరీల తుక్కు, గనుల లీజులు, రైల్వే పార్కింగ్ స్థలాలు ఆన్‌లైన్ వేలంలోకి వెళ్లాయి. పాటదారు ముఖం కనిపించదు, సాక్షులు లేరు, ఒక మీట నొక్కితే పాట పడిపోతుంది. అందుకే ఎగవేత పెరిగిందనీ, జనంలో మాట మీద నిలబడే గుణం తగ్గిందనీ అనుకోవడం తేలిక. చరిత్ర, చట్టం, మార్కెట్ల అనుభవం వేరే కారణం చూపిస్తాయి. పాడటానికి పాటదారుకు ఎంత ఖర్చవుతుంది, వెనక్కి తగ్గితే ఎంత పోతుంది అన్న రెండు లెక్కలే ఎగవేత ఏ మేరకు ఉంటుందో నిర్ణయిస్తాయి. ఆ రెండూ పాట మొదలవకముందే అమ్మేవాడి చేతిలో ఉంటాయి. పాట ముగిశాక పంపే నోటీసులు, వేసే దావాలు ఆ లెక్కను పెద్దగా మార్చలేవు.

ఈ ప్రాంతం ఆ పాఠాన్ని రెండు శతాబ్దాల కిందటే పెద్ద ఎత్తున చూసింది. ఉత్తర సర్కారుల్లో ఈస్టిండియా కంపెనీ 1802 నాటి 25వ రెగ్యులేషన్ కింద శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చినప్పుడు విజయనగరం, బొబ్బిలి లాంటి పాత జమీందారీలను పాత వంశాల చేతుల్లోనే ఉంచింది. శ్రీకాకుళం చుట్టుపక్కల, విశాఖపట్నం దగ్గర నేరుగా సర్కారు కింద ఉన్న హవేలీ భూములను మాత్రం ముఠాలనే చిన్న ఎస్టేట్లుగా విడగొట్టి, శిస్తు ఇంత అని ఖాయం చేసి, హెచ్చు పాటదారులకు అమ్మింది. కాగితం మీద ఇది చక్కని ఏర్పాటు: కంపెనీకి ఏటా నిక్కచ్చి రాబడి, కొన్నవాడికి శాశ్వత హక్కు. అయితే పాడిన వాళ్లలో ఆ పొలాల్లో ఏం పండుతుందో, ఏ చెరువు ఎప్పుడు ఎండుతుందో తెలియని వాళ్లూ ఉన్నారు. శిస్తు ఎక్కువగా కట్టి ఉండటం, వానలు మొహం చాటెయ్యడం తోడై అటువంటి ముఠాలు చాలా బకాయిపడ్డాయి. అవి మళ్లీ వేలానికొచ్చి కొన్ని సర్కారుకే తిరిగి చేరాయి, కొన్ని పెద్ద జమీందారీల్లో కలిసిపోయాయి. నిక్కచ్చిగా చూస్తే ఇది వేలం ధర ఎగవేత కాదు, వేలంతో మొదలైన ఏటేటి కట్టుబాటు ఎగవేత. కానీ లోపలి సూత్రం ఒకటే. వస్తువు విలువ ఎవరికీ సరిగ్గా తెలియనప్పుడు అందరికన్నా ఎక్కువ అంచనా వేసినవాడే గెలుస్తాడు కాబట్టి, గెలిచినవాడే తప్పు లెక్క వేసినవాడయ్యే అవకాశం ఎక్కువ. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో చమురు లీజుల వేలాలను పరిశీలించి ముగ్గురు అమెరికన్ ఇంజనీర్లు 1971లో ఈ సంగతిని లెక్కలతో రాశారు. అర్థశాస్త్రంలో దాన్ని విజేత శాపం అంటున్నారు. పాట ముగిసిన మర్నాడు తల పట్టుకుని కూర్చునే పాటదారు మోసగాడు కానక్కర్లేదు.

విలువ తెలియని భూమిని హెచ్చు పాటకు అమ్మడం అటుంచితే, ఈస్టిండియా కంపెనీ చేసిన రెండో తప్పు గడువు ఇవ్వడంలో ఉంది. సొమ్మును ఏళ్ల తరబడి వాయిదాల్లో తీసుకోవడానికి ఒప్పుకున్న అమ్మకందారు, తెలిసో తెలియకో, అప్పు ఇచ్చినవాడిగా మారిపోతాడు. ఈ తప్పును 1996లో అమెరికా ప్రభుత్వ కమ్యూనికేషన్ల కమిషన్ మళ్లీ చేసింది. మొబైల్ ఫోన్ల తరంగాల వేలంలో చిన్న సంస్థలకు సాయం చేయాలని పది శాతం ముందుగా, మిగతాది వాయిదాల్లో కట్టమంది. నెక్స్ట్‌వేవ్ అనే సంస్థ సుమారు 470 కోట్ల డాలర్లకు లైసెన్సులు పాడుకుని 1998లో దివాలా పిటిషన్ వేసింది. కమిషన్ లైసెన్సులు వెనక్కి తీసుకుంది. దివాలాలో ఉన్న సంస్థ నుంచి బకాయి కారణంగా అలా లాక్కోవడం చెల్లదని అమెరికా సుప్రీం కోర్టు 2003లో తేల్చింది. తరంగాలు ఏళ్ల తరబడి ఎవరికీ పనికిరాకుండా పడి ఉన్నాయి. హవేలీ ముఠాలకూ ఈ తరంగాలకూ మధ్య రెండు వందల ఏళ్ల దూరం ఉన్నా, అమ్మేవాడి దురాశా దయా రెండూ కలిసి చేసిన నష్టం ఒకే తీరుది.

మన చట్టం మాత్రం ఈ గడువుల విషయంలో నెమ్మదిగా బిగుసుకుంది. శిస్తు బకాయిల వసూలు కోసం మద్రాసు ప్రెసిడెన్సీలో 1864లో వచ్చిన రెవెన్యూ రికవరీ చట్టం ప్రకారం భూమి పాడుకున్నవాడు అక్కడికక్కడే ధరలో 15 శాతం జమ చేయాలి, మిగిలింది 30 రోజుల్లో కట్టాలి. కట్టకపోతే ఆ జమ పోతుంది, భూమి తిరిగి వేలానికొస్తుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 1908లో కోర్టు వేలాలకు ఇంకా గట్టి నియమం పెట్టింది: వెంటనే 25 శాతం, మిగతా సొమ్ము 15 రోజుల్లో. తిరిగి వేలం వేసినప్పుడు తక్కువ ధర వస్తే ఆ తేడా మొదటి పాటదారు దగ్గరే వసూలు చేయొచ్చు. ఈ గడువులు కేవలం పద్ధతి కోసం పెట్టినవి కావనీ, డబ్బు కట్టకపోతే అసలు అమ్మకమే జరగనట్టనీ సుప్రీం కోర్టు 1954లో మణిలాల్ మోహన్‌లాల్ షా కేసులో చెప్పింది. నేడు బ్యాంకులు ఆన్‌లైన్‌లో అమ్మే ఇళ్లు, స్థలాలు 2002 నాటి సర్ఫేసీ చట్టం నియమాల కిందికి వస్తాయి. పాల్గొనడానికి ముందే ధరావతు (ఈఎండీ) కట్టాలి. గెలిస్తే అదే రోజు, లేదంటే మరుసటి పనిదినం నాటికి దాన్ని కలుపుకుని 25 శాతం జమ చేయాలి. అమ్మకం ఖాయమైన 15 రోజులకు మిగతాది కట్టాలి. రాతపూర్వకంగా గడువు పొడిగించినా అది మూడు నెలలు మించకూడదు. ఈ వరుసలో ప్రతి మెట్టూ పాటదారు మాటలోని కొంత భాగాన్ని డబ్బుగా మారుస్తుంది.

జప్తు ఎంతవరకు న్యాయం అన్న ప్రశ్న దగ్గర సుప్రీం కోర్టు రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదవాలి. కైలాశ్‌నాథ్ అసోసియేట్స్ కేసులో ఢిల్లీ అభివృద్ధి సంస్థ వేలంలో అమ్మిన స్థలం తాలూకు ధరావతును జప్తు చేసింది. అదే స్థలాన్ని తర్వాత ఎన్నో రెట్లు ఎక్కువకు అమ్ముకుంది. తప్పు కొనుగోలుదారుది కాదనీ, నష్టమే జరగని చోట ధరావతు మింగేయడం కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్‌కు పొసగదనీ 2015లో కోర్టు అంది. 2024 ఫిబ్రవరిలో సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియాకూ షణ్ముగవేలుకూ మధ్య నడిచిన కేసులో దారి మారింది. అక్కడ పాటదారు 25 శాతం కట్టి మిగతాది కట్టలేకపోయాడు. ఆస్తి రెండోసారి ఇంకా ఎక్కువకే అమ్ముడుపోయింది. బ్యాంకుకు నష్టం లేదు కదా అని మద్రాసు హైకోర్టు జప్తును కొంతకే పరిమితం చేసింది. సుప్రీం కోర్టు దాన్ని కొట్టేసి మొత్తం జప్తు చెల్లుతుందంది. కారణం ఇది: ఇక్కడ జప్తు ఇద్దరు రాసుకున్న ఒప్పందం నుంచి రాలేదు, చట్టం కింద చేసిన నియమం నుంచి వచ్చింది. ఆ నియమాన్ని సడలిస్తే తక్కువ ధరకు ఆస్తి కొట్టేయాలనుకునేవాళ్లు ఎవరిచేతనో పాట పెంచి ఎగ్గొట్టించి వేలాన్నే చెడగొట్టగలరు. రెండు తీర్పుల మధ్య వైరుధ్యం పైకి కనిపించినంత లేదు. ఒకటి అమ్మేవాడికి లాభం కోసం జరిగే జప్తును ఆపింది, రెండోది వేలం నమ్మకంగా సాగడానికి చేసే జప్తును కాపాడింది. అయినా ఒక సంగతి మిగులుతుంది. బ్యాంకుకు ఉన్న ఈ బలం ఆన్‌లైన్‌లో సరుకు అమ్మే సామాన్యుడికి లేదు. అతని జప్తు షరతు ఎప్పటికీ 74వ సెక్షన్ వెలుగులోనే పరీక్షకు నిలబడాలి.

ఆ సామాన్యుడికి చట్టం బొత్తిగా ఏమీ ఇవ్వలేదనుకోవడం పొరపాటు. సరుకుల అమ్మకపు చట్టం, 1930లోని 64వ సెక్షన్ ప్రకారం వేలం ముగిసిందని ప్రకటించేవరకు పాటదారు తన పాట వెనక్కి తీసుకోవచ్చు. ప్రకటించాక అది పూర్తయిన అమ్మకమే. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టం 10ఏ సెక్షన్ చెబుతోంది. సొమ్ము అందేవరకు సరుకును తన దగ్గరే ఉంచుకునే హక్కు, కొన్నవాడికి నోటీసు ఇచ్చి సమంజసమైన గడువు తర్వాత వేరొకరికి అమ్మే హక్కు, ధర తగ్గితే ఆ నష్టం కోరే హక్కు అమ్మకందారుకు ఉన్నాయి. కానీ నాలుగు వేల రూపాయల వస్తువు కోసం మరో రాష్ట్రంలో ఉన్న, అసలు పేరో కాదో తెలియని మనిషి మీద శ్రీకాకుళం కోర్టులో దావా వేసేదెవరు? వినియోగదారుల చట్టం కొనేవాడి కోసం పుట్టింది, అమ్మేవాడు ఆ గడప ఎక్కలేడు. హక్కు ఉండి దాన్ని అమలు చేసే ఖర్చు హక్కు విలువను దాటిపోతే, ఎగవేతదారుకు అది లేనట్టే లెక్క.

ఆన్‌లైన్ వేలం సంస్థ ఈబే చరిత్ర ఈ లోటును ఎత్తి చూపుతుంది. 1995లో మొదలైన ఆ సంస్థ ధరావతు అడగలేదు. అడిగితే అంత తొందరగా అంతమంది చేరేవారూ కాదు. దాని బదులు పరువును పూచీగా పెట్టింది: కొన్నవాడు, అమ్మినవాడు ఒకరి గురించి ఒకరు మంచి చెడు రాసుకోవాలి. డబ్బు కట్టనివాడి పేరు చెడుతుందన్నది ఆశ. అయితే పేరు చెడ్డవాడు కొత్త పేరుతో మళ్లీ రావడానికి ఖర్చేమీ లేదు. పైగా కొనేవాళ్లు ప్రతీకారానికి భయపడి ఫిర్యాదులు మానేస్తున్నారని, 2008లో అమ్మేవాళ్లు కొనేవాళ్ల మీద చెడు రాసే వీలును సంస్థే తీసేసింది. ఆ తర్వాత మిగిలినవి పరిమితమైన సాధనాలు. నాలుగు రోజులు చూసి అమ్మకం రద్దు చేసుకోవడం, కమీషన్ వెనక్కి పొందడం, ఎగ్గొట్టిన ఖాతా మీద మచ్చ వేయించడం, అలాంటి ఖాతాలు తన వస్తువుల మీద పాడకుండా ముందే అడ్డుకట్ట వేసుకోవడం, రెండో పాటదారుకు అవకాశం ఇవ్వడం. ఇవి ఎగవేత వల్ల పడే దెబ్బను తగ్గిస్తాయి, ఎగవేతను ఆపవు. మన దేశంలో 2004లో బాజీ డాట్ కామ్‌ను కొని అడుగుపెట్టిన ఈబే, కొనుగోలుదారు సొమ్మును మధ్యలో తన దగ్గర పట్టి ఉంచే పైసాపే అనే ఏర్పాటు నడిపింది. అది సరుకు అందక మోసపోయే కొనుగోలుదారుకు రక్షణ. కట్టకుండా మాయమయ్యేవాడి విషయంలో దానికి చేయగలిగిందేమీ లేదు. 2018లో ఆ వెబ్‌సైటు మన దేశంలో మూతపడింది. వస్తువు నచ్చితే అప్పుడే డబ్బు కట్టి కొనే స్థిర ధర పద్ధతే ఇప్పుడు ఆన్‌లైన్ చిల్లర వ్యాపారాన్ని ఏలుతోంది. వేలం అక్కడ వెనకబడటానికి ఇతర కారణాలున్నా, మాటకూ డబ్బుకూ మధ్య ఖాళీ లేకపోవడం స్థిర ధరకు కలిసొచ్చిన గుణం.

ఖాళీని మూసే ఇంకో మార్గం మన రాష్ట్రంలోనే ఉంది. పొగాకు రైతులు ఒకప్పుడు వ్యాపారులకు సరుకు ఇచ్చి సొమ్ము కోసం నెలల తరబడి తిరిగేవారు. 1975 చట్టం కింద 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా ఏర్పడిన పొగాకు బోర్డు 1984లో కర్ణాటకలో, 1985లో ఆంధ్రప్రదేశ్‌లో వేలం కేంద్రాలు తెరిచింది. వేలాలు తర్వాత ఎలక్ట్రానిక్ పద్ధతికి మారాయి. అక్కడ పాడేది నమోదైన వ్యాపారులే. రైతుకు డబ్బు బోర్డు ద్వారా బ్యాంకు ఖాతాలో పడుతుంది. కొన్నవాడు ఎగ్గొడితే అతను ఎగ్గొట్టింది ఒక రైతుకు కాదు, మర్నాడు తాను మళ్లీ అడుగుపెట్టాల్సిన మార్కెట్‌కే. అంటే ధరావతు ఒక్కటే దారి కాదు. పాటదారుకు పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి, అది డబ్బు కావచ్చు, లైసెన్సు కావచ్చు, రేపటి వ్యాపారం కావచ్చు.

దీని మీద గట్టి అభ్యంతరం ఒకటుంది. ధరావతు పెడితే చేతిలో రొక్కం లేని చిన్నవాళ్లు పాటకే రారు, నలుగురు పెద్దవాళ్లు మిగిలి సిండికేట్ కడతారు, ధర పడిపోతుంది. వలసల జిల్లాలుగా పేరుపడ్డ ఉత్తరాంధ్రలో ఈ మాటను తీసిపారేయలేం. పలాస జీడిపప్పు పరిశ్రమలో చిన్న యూనిట్లు నడిచేది ఎక్కువగా అరువు మీదే. పిక్కలు కొనేటప్పుడు పది శాతం ముందు కట్టమంటే కొందరు తప్పుకుంటారు. కానీ ఎగవేత వల్ల కూడా ధర పడుతుందని మరిచిపోకూడదు. ఒకసారి పాట చెడి తిరిగి వేలానికొచ్చిన సరుకు మీద జనానికి అనుమానం పుడుతుంది, లోపమేదో ఉండబట్టే మొదటివాడు వదిలేశాడంటారు. పైగా ధరావతు ఎప్పుడూ ధరలను అణచదు. హైదరాబాద్ బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలైంది. 2023లో 27 లక్షలు పలికాక, మరుసటి ఏడు పాడదలచినవాళ్లు ఆ 27 లక్షలూ ముందే జమ చేయాలని ఉత్సవ సమితి షరతు పెట్టింది. 2024లో లడ్డూ 30 లక్షల వెయ్యి రూపాయలకు పోయింది. భక్తి, ప్రతిష్ఠ కలిసిన ఆ వేలాన్ని జీడిపిక్కలకు కొలబద్దగా తీసుకోలేం గానీ, షరతు పెట్టగానే పాట కూలిపోతుందన్న భయానికి అది చాలినంత జవాబు. చిన్నవాళ్ల సమస్యకు పరిష్కారం ధరావతు ఎత్తేయడం కాదు, దాన్ని అంచెలుగా చేయడం. సొమ్ము సకాలంలో కట్టిన చరిత్ర ఉన్నవాడికి తక్కువ, కొత్తవాడికి ఎక్కువ, ఓడినవాళ్లకు పాట ముగిసిన వెంటనే వాపసు. వాపసుకు వారాలు పట్టే చోటే ధరావతు చిన్నవాడికి నిజంగా భారమవుతుంది. ఆ తప్పు నిర్వాహకుడిది.

నమ్మకం మీదే తరతరాలుగా వ్యాపారం నడిచింది కదా, ఇన్ని కట్టుబాట్లెందుకని ఇంకొందరంటారు. నడిచింది, నిజమే. అయితే అది ఉత్త నమ్మకం కాదు. సరుకు కొన్నవాడి తరఫున దళారీ పూచీ ఉండేవాడు, ఎగ్గొట్టినవాడికి పలాస-కాశీబుగ్గ బజారులో మరుసటి సీజనుకు పిక్కలు దొరికేవి కావు. ముఖపరిచయం అనే ధరావతు ముందే కట్టి ఉండేది. ఆన్‌లైన్ వేలం ఆ పూచీని తీసేసి దాని చోట ఏమీ పెట్టకపోతే, నమ్మకం తగ్గిందని జనాన్ని నిందించడం తగదు.

అన్నిటికన్నా తక్కువగా చర్చకు వచ్చే సంగతి, ఎగవేతలో అమ్మేవాడి వంతు. బ్యాంకు వేలాల ప్రకటనల్లో ఆస్తిని ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నామని ఒక వాక్యం ఉంటుంది. పన్ను బకాయిలు, కరెంటు బకాయిలు, లోపల కదలకుండా కూర్చున్న అద్దెదారు, పక్కవాడితో హద్దు తగాదా, వీటన్నిటినీ ఆ ఒక్క వాక్యం కప్పేస్తుంది. పాటదారు గెలిచాక వివరాలు కనుక్కుని బెదిరి వెనక్కి తగ్గుతాడు. వస్తువుల అమ్మకంలో మసక ఫొటోలు, దాచిన పగుళ్లు, ముందు చెప్పని రవాణా ఖర్చు ఇదే పని చేస్తాయి. ఒకే దుంగ నుంచి చెక్కిన బొబ్బిలి వీణను ఎవరైనా ఆన్‌లైన్ పాటకు పెట్టారనుకుందాం. దాన్ని భద్రంగా ప్యాక్ చేసి దూరం పంపడానికి అయ్యే ఖర్చు పాట ముందు రాయకపోతే, కొన్నవాడి దృష్టిలో ధర పాట ముగిశాక పెరిగినట్టే. విజేత శాపాన్ని తగ్గించే సాధనం సమాచారమే. సరుకు గురించి ఎంత ఎక్కువ చెబితే అంచనాలు అంత దగ్గరవుతాయి, గెలిచినవాడు పశ్చాత్తాపపడే అవకాశం అంత తగ్గుతుంది. ముందే సరుకు చూపించి, బకాయిలన్నీ ప్రకటించిన అమ్మకందారుకే ధరావతు జప్తు చేసే నైతిక హక్కు ఉంటుంది.

ఇన్ని చేసినా కొన్ని పాటలు చెడతాయి. అప్పుడు చేయాల్సినవి క్లుప్తమే. గడువు, మొత్తం సొమ్ము, కట్టే విధానం రాసి మర్యాదగా ఒక గుర్తు చేసే నోటీసు పంపాలి. సొమ్ము ఖాతాలో పడినట్టు బ్యాంకు చూపించేదాకా సరుకు కదపకూడదు. కొన్నవాడు పంపే స్క్రీన్‌షాట్ చెల్లింపు కాదు. డబ్బు పంపుతున్నాం, పిన్ నొక్కండి అనేవాడు కొనుగోలుదారు కాదు, యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు. అలాంటి మోసంలో సొమ్ము పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. ఎగ్గొట్టింది వ్యాపార సంస్థ అయి, అమ్మింది నమోదైన సూక్ష్మ, చిన్న తరహా యూనిట్ అయితే 2006 ఎంఎస్ఎంఈ చట్టం పనికొస్తుంది. ఒప్పందం ఉన్నా చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు, దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ, తగువు తీర్చడానికి ప్రత్యేక మండలి. సరుకు ఇచ్చేశాక సొమ్ము రాని పలాస యూనిట్లకు ఇది అసలైన ఆయుధం, వాడుకునేవాళ్లే తక్కువ.

రెండో పాటదారుకు అమ్మాలా, వేలం మళ్లీ పెట్టాలా అన్నది కాస్త జాగ్రత్తగా తేల్చాల్సిన విషయం. ఒక వస్తువుకు మూడోవాడు 6,000 దగ్గర ఆగిపోయాడు, ఆ తర్వాత ఇద్దరు పోటీపడి 9,400, 9,500కు తీసుకెళ్లారు, 9,500 వాడు ఎగ్గొట్టాడు. రెండోవాడికి 9,400కు ఇస్తానంటే అతను ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోవడంలో న్యాయం ఉంది, ఎందుకంటే కట్టే ఉద్దేశం లేనివాడు పాటలో లేకపోతే అతనికి ఆ వస్తువు 6,000 పైన కొద్దిలోనే దక్కేది. ఆ మధ్యనున్న 3,400 ఎగవేతదారు సృష్టించిన ధర. అమ్మేవాడే బినామీ చేత పాట పెంచించి చివర్లో తప్పించాడన్న అనుమానం పుట్టేది కూడా ఇక్కడే. అందుకే కోర్టు వేలాల్లోనూ బ్యాంకు వేలాల్లోనూ రెండోవాడిని పిలవకుండా తిరిగి వేలం వేయమని నియమం చెబుతుంది. చిన్న సరుకుకు తిరిగి వేలం ఖర్చు దండగ అనుకుంటే, ఎగవేతదారు పాటలన్నీ కొట్టేసి, మిగిలిన పాటల లెక్కన రెండోవాడికి ధర చెప్పడం సరైన పద్ధతి. ఇందులో అమ్మేవాడికి కొంత తగ్గుతుంది. ఆ తగ్గినదాన్ని పూడ్చడానికే ఎగవేతదారు ధరావతు ఉంది. అది ముందుగా తీసుకోని అమ్మకందారు తేడాను తనే భరించాలి.